ఎడమ స్పీకర్లో సీసపు గుళ్ళు

కాశీబుగ్గలోని ఆ షాపులో, నా ఛాతీ ఎత్తున నిలబడి ఉన్న సన్నటి వెండిరంగు స్పీకర్ని చూపుడువేలితో మెల్లగా నెట్టాను. అది ఊగింది. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి ఊగి మళ్ళీ నిలబడింది. ఇంట్లో నాకు మూడేళ్ళ కొడుకున్నాడు.

ప్రమాదం అనే మాట నా మనసులోకి వచ్చింది ఆ క్షణంలోనే. అయితే అప్పుడు నేను భయపడింది స్పీకరు బరువు గురించి, దాని అడుగు వెడల్పు గురించి మాత్రమే. దెయ్యాలూ ఆత్మలూ నా ఆలోచనల్లోకి ఎప్పుడూ రాలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. హాస్టల్లో రాత్రిపూట గజ్జెల చప్పుడు వినిపిస్తోందని అందరూ ఒకే గదిలో ముడుచుకుని పడుకుంటే, టార్చి పట్టుకుని వెళ్ళి చూసింది నేనే. బోర్లించిన స్టీలు పళ్ళెం మీద కుళాయి చుక్కలు పడుతున్నాయి. అంతే. పిల్లలు పడుకున్నాక ఇప్పుడిది రాస్తున్నానంటే, నేను మారిపోయానని కాదు. ఈ ఒక్కదానికి మాత్రం ఆ కుళాయి ఎక్కడుందో నాకు దొరకలేదు.

అప్పుడు మేం టెక్కలిలో పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన కోటబొమ్మాళి హైస్కూల్లో టీచరు. డీవీడీ ప్లేయరు కొన్న ఏడాదికి ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకుందామని అనుకున్నాం. అనుకున్నాం అంటున్నాను గానీ, అనుకున్నది నేనే. ఆయన "నీ ఇష్టం" అన్నారు.

ఎంత సంబరపడ్డానో చెప్పలేను! పెళ్ళి చీర కొనడానికి కూడా అన్నిసార్లు షాపు మెట్లెక్కలేదు. మా హాలు పొడుగ్గా, సన్నగా రైలుపెట్టెలా ఉండేది. లావుపాటి స్పీకర్లు పెడితే మనుషులు పక్కకి తిరిగి నడవాలి. అందుకని నేలమీద నిలబడే సన్నటివే కావాలనుకున్నాను. స్పీకరు అడుగు ఎంత ఉంటుందో షాపులో టేపుతో కొలిచి, ఇంటికొచ్చి అదే కొలతకి న్యూస్‌పేపర్ కత్తిరించి, టీవీకి అటొకటి ఇటొకటి నేలకి అంటించాను. నాలుగు రోజులు ఆ కాగితాలు తొక్కకుండా ఇంట్లో అందరూ నడవాలని ఆర్డరు. మా లహరికి అప్పుడు ఆరేళ్ళు. అది కాగితం పక్కన నిలబడి తమ్ముణ్ణి "స్పీకర్ తగిలిందిరా, అవుట్!" అని ఆటపట్టించేది.

షాపులో నేను కళ్ళు మూసుకుని విన్నాను. షాపాయన వేసిన డిస్కులో ముందు వాన, తర్వాత తబలా, తర్వాత ఎవరో దూరంనుంచి ఈలవేస్తూ గదికి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళిపోయినట్టు. ముందు విన్న నల్లటి లావు స్పీకర్ల జత బాగా దడదడలాడింది గానీ, ఈల వేసిన మనిషి కనపడలేదు. ఈ సన్నటి జతలో కనపడ్డాడు! ఈల అంత స్పష్టంగా వచ్చింది. అది విని కళ్ళు తెరిచి, ఆనందం పట్టలేక దగ్గరికెళ్ళి వేలితో తాకాను. అప్పుడే అది ఊగింది.

నా మొహం చూసి షాపాయన నవ్వాడు. "బయపడకండి మేడమ్. కింద సూడండి, ఏటుందో." స్పీకర్ని బోర్లించి అడుగున రబ్బరు బిరడా చూపించాడు. దాని వెనక ఒక చిన్న ఖాళీ అర. "ఇందులో ఎండిన ఇసకో, సీసపు గుళ్ళో పోసీండి. ఏనుగు తోసినా కదల్దు."

అలా అవి మా ఇంటికొచ్చాయి. ఒక వారం పాటు నేను కుడి స్పీకరు పక్కన పీటేసుకుని కాపలా కూర్చుని పాటలు విన్నాను. ఆ వారమంత సంతోషం మళ్ళీ ఎప్పుడు పడ్డానో గుర్తులేదు.

గుళ్ళ సంగతి మా చిన్నాన్న కొడుకు సింహాద్రికి చెప్పాను. వాడిది సముద్రపొడ్డున బారువ పక్కన ఊరు, కొబ్బరి తోటలున్నాయి. పడీపడీ నవ్వాడు. "పాటలినడానికి సీసమేటే అక్కా? బావకి జీతం ఎక్కువైపోనాదా ఏటి? సర్లే, వల గుళ్ళు తెత్తానుండు."

శనివారం సాయంత్రం బియ్యం సంచిలో మోసుకొచ్చాడు. చేపల వల అంచుకి బరువు కోసం కట్టే గుళ్ళవి. కొసలు నొక్కుకుపోయి, మధ్యలో చిల్లుతో, ఒక్కొక్కటి వేలి కణుపంత ఉన్నాయి. ఉప్పువాసన, ఎండుచేప వాసన. ఎవరివని అడిగాను. బారువలో ఒక ముసలామె ఇచ్చిందన్నాడు. వాళ్ళింట్లో ఇంక వేటకెళ్ళేవాళ్ళు లేరట, పాత వల చూరులో ఉండిపోయిందట. మామూలుగా వల చిరిగితే గుళ్ళు మాత్రం కోసి కొత్త వలకి కట్టుకుంటారు, ఎవరికీ ఇవ్వరు. ఆమెకి కొత్త వల లేదు కాబట్టి ఇచ్చింది.

మూడుసార్లు కడిగి, గుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టి, రాత్రి నేనూ మా ఆయనా వాటిని ఎడమ స్పీకరు అడుగులో పోశాం. దానితోనే సంచి అయిపోయింది. రెండోదానికి వచ్చే వారం తెస్తానన్నాడు సింహాద్రి. రెండూ నిండాకే సరిగ్గా సర్ది వైర్లు కలుపుదామని, వైర్లన్నీ తీసి చుట్టి బీరువా మీద పెట్టాం. ఎడమది నా బరువంతా వేసి తోసినా కదల్లేదు! కుడిదేమో ఖాళీ.

అందుకని ఒక జాగ్రత్త తీసుకున్నాను. ఈ కథలో తప్పు ఎవరిదైనా ఉంటే, అది ఆ జాగ్రత్తదే. కుడి స్పీకర్ని నైలాన్ తాడుతో దాని వెనకున్న కిటికీకి కట్టేశాను. ఊచలకి దోమతెర కొట్టి ఉండటంతో తాడు లోపలికి దూరలేదు. అందుకని లోపలికి తెరుచుకునే కిటికీ రెక్క పిడికి కట్టాను. గట్టిగా, మూడు ముళ్ళు. ఆ కిటికీ గడియ తుప్పుపట్టి సగమే పడుతుందని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

మర్నాడు ఆదివారం. మా ఆయన పెళ్ళికి వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. కాసేపటికి తూర్పు నుంచి మబ్బు కమ్మింది. డాబా మీద బట్టలూ మిరపకాయలూ ఉన్నాయి. చిన్నోడు హాల్లో నేలమీద కూర్చుని ప్లాస్టిక్ బస్సు తోసుకుంటున్నాడు. వీధి తలుపు లోపల గడియ వేశాను, వేసి లాగి చూశాను కూడా. పెరట్లోంచి మెట్లెక్కాను. లహరి నా వెంట వచ్చింది.

బట్టలు తీస్తుంటే కింద హాల్లోంచి మగగొంతు వినిపించింది. పెద్ద వయసు గొంతు, బొంగురుగా, గాలిలో దూరానికి అరిచి అరిచి అలవాటైన గొంతు.

"ఇటొచ్చీ గుంటా! బేగొచ్చీ! కెరటం వత్తంది, ఇటొచ్చీ!"

నేను భయపడలేదు. ఇది తప్పకుండా రాయాలి. సింహాద్రి వాళ్ళ ఊరి పెద్దాయన్నెవర్నో వెంటబెట్టుకుని మిగతా గుళ్ళు తెచ్చాడనుకున్నాను. గుంటా అంటూ చిన్నోణ్ణి ఆడిస్తున్నాడు, పిల్లాడి దగ్గర మనిషున్నాడు కదా అని, తొందరపడకుండా మిరపకాయలు చాటలోకి ఎత్తాను. తలుపు గడియ వేసి ఉందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. లహరి పిట్టగోడ మీంచి వంగి వీధిలోకి చూసి, "అమ్మా, ఏ తాత వచ్చాడు? గుమ్మం దగ్గర చెప్పులు లేవేటి?" అంది.

అంతలో గాలి కొట్టింది. కింద ఫెళ్ళున కిటికీ తెరుచుకున్న చప్పుడు, వెంటనే ఇంకో చప్పుడు. ఆ రెండో చప్పుడు ఏమిటో నాకు తెలిసిపోయింది. చాట ఎక్కడ పడేశానో, మెట్లు ఎలా దిగానో తెలియదు.

కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుని ఉంది. దానికి కట్టిన తాడు లాగి, కుడి స్పీకరు బోర్లా పడిపోయింది. బస్సు దాని కింద రెండు ముక్కలైంది. నేల సిమెంటు రూపాయి బిళ్ళంత లేచిపోయింది. చిన్నోడు కూర్చున్న చోటు అదే.

వాడు అక్కడ లేడు. టీవీకి అవతల, ఎడమ స్పీకర్ని రెండు చేతులా వాటేసుకుని, దానికి చెంప ఆనించి నిలబడి ఉన్నాడు. ఏడవటం లేదు.

"తాత పిలిచాడమ్మా," అన్నాడు.

"ఏ తాతరా?"

వాడు చెంప తియ్యకుండానే స్పీకరు మీద అరచేత్తో తట్టాడు. "ఈ తాత."

వాణ్ణి ఎత్తుకునే ఇల్లంతా చూశాను. వీధి తలుపు గడియ వేసినది వేసినట్టే ఉంది. పెరటి వైపు నుంచి వచ్చి వెళ్ళి ఉంటే మెట్లు దిగుతున్న మాకు ఎదురవ్వాలి. ఎదురింటివాళ్ళు ఊళ్ళో లేరు, తాళం ఉంది. చిన్నోణ్ణి దించకుండానే ఎడమ స్పీకరు వెనక చెయ్యి పెట్టి తడిమాను. ఒక్క వైరు కూడా లేదు. అన్నీ బీరువా మీద చుట్టలు చుట్టి ఉన్నాయి. కరెంటు సాయంత్రం ఆరున్నరకి గానీ రాలేదు.

మా ఆయన వచ్చి అంతా విని, ఒక్కోసారి స్పీకర్లు రేడియో సిగ్నల్ పట్టుకుంటాయన్నారు. వైర్లు లేకుండానా అని అడిగాను. పక్క వీధిలో ఎవరో అరిచి ఉంటారన్నారు. టెక్కలి వీధుల్లో కెరటం ఎక్కడుందండీ అన్నాను. ఆయన లేచారు. తాడు విప్పి, పడిన స్పీకర్ని తీసుకెళ్ళి స్టోరుగదిలో పడుకోబెట్టి, చాలాసేపు ఆ సిమెంటు లేచిన చోటే చూస్తూ కూర్చున్నారు.

సింహాద్రికి ఫోన్ చేశాను. "నువ్వు గానీ వచ్చావా?" అంటే, "నేను పొద్దున్నుంచీ సోంపేటలో ఉన్నానక్కా, ఏటైనాది?" అన్నాడు. చెప్పాను. ఈసారి వాడు నవ్వలేదు. రాత్రి తొమ్మిదింటికి వాడే తిరిగి చేశాడు. బండి మీద బారువ వెళ్ళొచ్చానన్నాడు.

ఆ ముసలామె భర్తకి మోకాళ్ళు పోయి వేట మానేశాక, ఒడ్డున నిలబడి పడవల్ని పిలిచేవాడట. తిరిగొచ్చే పడవలు కెరటాల మీదుగా ఒడ్డుకి రావాలంటే, ఏ కెరటం వదిలేసి ఏ కెరటం వెనక రావాలో పడవలో ఉన్నవాళ్ళకంటే ఒడ్డున ఉన్నవాళ్ళకి బాగా తెలుస్తుంది. ఆయన కేక విని వచ్చేవాళ్ళట కుర్రాళ్ళు. ఆయన పోయి మూడేళ్ళయింది. సముద్రంలో కాదు, ఇంట్లోనే, జ్వరంతో.

"నువ్వు సెప్పిన మాటలు సెప్పీసరికి ఆ ముసల్ది 'ఇది మా ఇంటాయన కేకే' అంది అక్కా," అన్నాడు సింహాద్రి. "బయపడనేదు, ఏడవనేదు. ఒకటే మాటడిగింది. ఆ గుంటడు ఒడ్డుకొచ్చినాడా అని."

వచ్చాడని చెప్పమన్నాను. చెప్పేశానన్నాడు.

ఆ గుళ్ళు తీసేసి ఇచ్చేద్దామన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. నా చదువు నాకు నేర్పిన ప్రశ్నలన్నీ ఆ రాత్రి వేసుకున్నాను. తర్వాత ఇన్నేళ్ళూ వేసుకుంటూనే ఉన్నాను. మూడేళ్ళ పిల్లాడు ఊహించుకున్నాడనుకుంటే, డాబా మీద నేనెలా విన్నాను? నేను భ్రమపడ్డాననుకుంటే, నా పక్కనున్న లహరి చెప్పుల కోసం ఎందుకు చూసింది? సముద్రానికి ఇంత దూరంలో, మా హాల్లో, కరెంటు లేని వేళ, గాలి వస్తోందని ముందే ఎవరికి తెలిసింది? అయినా నాకు భయం మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్న లహరికి జడ వేస్తుంటే అడిగింది, "అమ్మా, తెలియనివాళ్ళు పిలిస్తే వెళ్ళొద్దంటావు కదా. మరి తమ్ముడు వెళ్ళాడుగా, కొడతావా?"

చిన్నోణ్ణి కూడా పిలిచి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. తెలియనివాళ్ళు ఎవరు పిలిచినా, చాక్లెట్ ఇస్తామన్నా, నేను చెప్పందే వెళ్ళొద్దని మళ్ళీ చెప్పాను. తర్వాత ఇది చెప్పాను:

"ఆ తాత పిలిస్తే మాత్రం నన్ను అడగొద్దు. చేతిలో ఏమున్నా వదిలేసి పరిగెత్తండి."