ముందు ఇంటిపేరు

ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, తమ్ముడి పక్క క్వార్టరు కోడలు పరుగున వచ్చింది. “పిన్నీ, మాస్టారు తలుపు తీయడం నేదు” అంది. తలుపు విరగ్గొట్టి చూశాం. నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు.

మన రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మీలో చాలామందికి వాడు లైఫ్ సైన్స్ మాస్టారు. నాకు నా వెనకే పుట్టినవాడు, నన్ను అప్పా అని పిలిచే తమ్ముడు. పెళ్లి మాట ఎత్తితే గొడుగు తీసుకుని బయటికి పోయేవాడు, ఎండాకాలమైనా సరే. రోజూ రాత్రి అన్నానికి మా ఇంటికే వచ్చేవాడు.

వాళ్ల స్కూలు లాబులో ఒక పాత గాజు సీసా ఉంది. అందులో మందునీళ్లలో మునిగి ఒక జానెడు జంతువు. వీపుకు రెండు వైపులా బుడిపెల వరస. దార్జిలింగ్ కొండల్లోది. వానాకాలం గుంటల్లో ఈదుతుంది, గుడ్లూ అక్కడే పెడుతుంది. తక్కిన రోజులు తడిమట్టిలో దాక్కుంటుంది. సాలమాండర్ అంటారు. పిల్లలు బల్లి అంటే వాడికి కోపం. “బల్లి కాదర్రా, కప్పకి సుట్టం!”

సీసా మీద చీటీలో టైలోటోట్రైటాన్ వెర్రుకోసస్ అని ఉంటుంది. శాస్త్రం పేరు వాడు ఎలా నేర్పేవాడో వాడి దగ్గర చదివినవాళ్లు మరిచిపోరు. “ముందు ఇంటిపేరు, ఎనకాల సొంతపేరు. మన తెలుగోళ్ల లెక్కే!”

ఒకనాడు అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయాడు. ఏమైందిరా అన్నాను. వెర్రుకోసస్ అన్న పేరు మొదట చైనాలో దొరికినదానికి పెట్టిందట. మన కొండల్లోదాన్ని చూసి, ఇదీ అదేనని అదే పేరుతో పిలిచారట. ఇప్పుడు ఒంటి కొలతలూ జన్యువులూ పోల్చి చూసి ఇది వేరే జాతి అని తేల్చారు. హిమాలయానస్ అని పేరు పెట్టారు.

“వందేళ్లకి పైనే అప్పా, పక్కింటోడి పేరుతో బతికేసినాది! మనల్ని మద్రాసీ అన్నట్టు. ఇంటిపేరు అదే, పిల్ల పేరే మారినాది.”

మర్నాడే చీటీ మార్చమని స్కూల్లో పైవాళ్లను అడిగాడు. పుస్తకంలో పాతపేరే ఉంది, పరీక్షలో పిల్లల మార్కులు పోతాయి అన్నారు. ఆ మాటా కాదనలేం. ఏటేటా అడిగాడు. ఏటేటా అదే జవాబు. ఆ రోజుల్లో తల ఎత్తకుండా తినేవాడు.

“ఎందుకురా అంత విసుగు? ప్రార్థన సేసుకో” అనేదాన్ని.

“పేర్లెట్టడం ఆదాముకి దేవుడిచ్చిన డ్యూటీ అప్పా. మనమింకా డ్యూటీ దిగనేదు. సీసాలోదానికి నోరు నేదు, ఎవులో ఒకలు అడగాల కదేటి?”

చీటీ మారకుండానే వాడు పోయాడు.

సిలువ మీద రాయడానికి పెయింటరుకు వాడి పేరు నేనే కాగితం మీద రాసిచ్చాను. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. సమాధి దగ్గరికి వెళ్లి చూస్తే తిరగేసి ఉంది, పేరు ముందు, ఇంటిపేరు వెనక. బతికున్నన్నాళ్లూ ఆఫీసు కాగితాల్లో తిరగేశారు. చివరికి ఇక్కడా. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. తెరిచి మళ్లీ ఆ పేరే చదివాను.

పెయింటరు దాదాను పిలిపించాను. పరాయి రాష్ట్రంలోని ఈ ఊళ్లో ఇంటిపేరును టైటిల్ అంటారు. “దీదీ, టైటిల్ తో పీఛే హోతా హై నా? మైనే ఠీక్ కర్ దియా” అన్నాడు. టైటిల్ వెనకాల కదా రావాలి, నా తప్పు తనే దిద్దానని సంతోషంగా చెప్పాడు. అలాంటివాణ్ణి ఏమని కోప్పడను?

“హమ్ తెలుగు లోగ్ హై, దాదా. టైటిల్ ఆగే.” మా తెలుగువాళ్లకి అదే ముందు అన్నాను.

పోయినవాడికి ఏది ముందైతే ఏముంది దీదీ అని నవ్వాడు. “ఉంది” అన్నాను. నా ముఖం చూసి డబ్బా మూత తీశాడు.

తెల్లరంగు వేసి, అది ఆరాక నల్లరంగుతో మళ్లీ రాశాడు. ముందు ఇంటిపేరు. కానీ పాత అక్షరాలు తెలుపు కింద నుంచి లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. రేపు వచ్చి ఇంకో పూత వేస్తానన్నాడు.

తమ్ముడి మాట గుర్తొచ్చింది. కొత్తపేరు పెట్టాక పాతపేరును శాస్త్రంలో చెరపరట, కిందే రాసి ఉంచుతారట. “ఎక్కడ పొరబడినామో ఎనకాలోళ్లకి తెలవొద్దేటి, అప్పా?”

ఇంకో పూత వద్దన్నాను దాదాతో. అతను వెళ్లిపోయాడు. గాలి లేదు. పాటల పుస్తకంతో సిలువకు విసురుతూ కూర్చున్నాను. నల్లటి అక్షరాలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. వాటి వెనక, తిరగబడిన పేరు, సీసాలో మునిగినదానిలా మసకగా.