పది ఎరుపుల అట్ట

నా భార్యకు నెత్తురు తక్కువని కనిపెట్టింది నేనే. ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను, ఎవరూ కాదనలేదు.

అవి యుద్ధపు రోజులు. రాజపాళయంలో పత్తి మిల్లు వాకిట నాది రకం చూసే పని. పక్కనున్న మంసాపురం నుంచి పత్తి బండ్లు వచ్చి నిలిస్తే, పిడికెడు పత్తి వెలుతురుకు పట్టి, మొదటి రకమో రెండో రకమో చెప్పేవాణ్ణి. నా కంటికి తిరుగులేదు.

ఆమెకు ఏడో నెల. గాజుల వేడుక అయి నాలుగు రోజులైంది. బిందె ఎత్తితే ఆయాసం, రెండు మెట్లెక్కితే కూలబడేది. మా అమ్మ నమ్మలేదు.

"నోరు చూడు, ఎంత ఎర్రగా ఉండాదో! నెత్తురు లేనిదానికి ఇట్ల పండునా?"

వేడుకకు వచ్చినవాళ్లు ఆ నాలుగు రోజులూ ఆమెచేత తాంబూలం నమిలించి, గోళ్లకు గోరింట పెట్టి వెళ్లారు. పాలిపోయి కనిపించాల్సిన చోటల్లా పండి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాలుకా చూడలేదు, గోళ్లూ చూడలేదు. కింది రెప్ప లాగి చూసి, వేలు పొడిచి, ఒక్క చుక్క అద్దుడు కాగితం మీద అద్దింది. చేతిలో ఒక అట్ట. లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా వరసగా పది మచ్చలు, ఒక్కోదాని మధ్య ఒక రంధ్రం. కాగితాన్ని వెనక జరుపుతూ పోవాలి. ఏ మచ్చలో చుక్క రంగు కలిసిపోతే నెత్తురు సత్తువ అంత. ఇది నా విద్యే కదా!

"తొమ్మిదోది, డాక్టరమ్మా. మొదటి రకం నెత్తురు!"

"సుమ్మా ఉండండయ్యా, తొందరొద్దు. తడి మెరుపు పోనీండి. తడిలో ఏదైనా ముదురుగానే కనపడును."

నా భార్య కొంగు చాటున నవ్వింది. "మిల్లులో తడి పత్తికి రకం చెప్పనని బండ్లు తిప్పి పంపేది ఈయనేమ్మా!"

మెరుపు ఆరింది. కిటికీ వెలుతురులో కాగితం తొమ్మిది దాటింది, ఎనిమిది దాటింది. ఐదో మచ్చ దగ్గర ఆగింది.

"సగమే ఉండాది. ఇట్లే కాన్పులో నెత్తురు పోయినదంటే ఈమె తాళదు. రోజూ ఇనుము మందు తాగల్ల. కాన్పు ఇక్కడే, ఇంట్లో వద్దు."

సరే, నిజం చెప్పేస్తాను. కనిపెట్టింది నేను కాదు. "నోరు చూడు" అన్నది మా అమ్మ కాదు, నేను. నెత్తురు తక్కువని పట్టి, ఆసుపత్రికి బండి కట్టించింది అమ్మ. తడి రంగు మోసమని తెలియక కాదు నేను తొమ్మిది అన్నది. తొమ్మిది కావాలనిపించింది, అంతే.

మందుకు ఆమె పళ్లు నల్లబడ్డాయి, అయినా మానలేదు. నెలలు నిండాక మళ్లీ వేలు పొడిచినప్పుడు, మెరుపు ఆరేదాకా నేను నోరు మెదపలేదు. ఎనిమిది. కాన్పయ్యాక తల్లి తన కాళ్ల మీద నడిచొచ్చి, బిడ్డతో బండెక్కింది.

ఆ ఎనిమిదిని డాక్టరమ్మ కంటే ముందు చూసింది మాత్రం నేనే. ఇది నిజం.