దిగుడుమిట్ట ఎక్కిన కారు

కొత్త కారులో రబ్బరూ ప్లాస్టిక్కూ జిగురూ కలిసిన ఒక వాసన ఉంటుంది. పోయిన నెల నెల్లూరులో ఒక షోరూములో ఆ వాసన పీలుస్తూ, డిక్కీ తలుపెత్తి, లోపల పరిచిన పట్టా కూడా ఎత్తి చూస్తే, అదనపు చక్రం ఉండాల్సిన గుంటలో చిన్న గాలిపంపు, పక్కనే పంక్చర్ పూడ్చే మందు సీసా కనిపించాయి. స్టెప్నీ ఏదని అడిగాను. కారు చూపిస్తున్న అమ్మాయి నవ్వుతూ, ఈ మోడలుకు స్టెప్నీ రాదనీ, ఆ బరువు తగ్గించినందువల్లే బండి హుషారుగా లాగుతుందనీ, మైలేజీ కూడా పెరుగుతుందనీ చెప్పింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కారు నాకొద్దని చెప్పి బయటికి వచ్చేశాను. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆ మంట తగ్గలేదు. ముప్పై ఏళ్ళకు పైబడిన కోపం మరి.

తొంభైల మొదట్లో మా నాయన ఉదయగిరిలో హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. మా ఇల్లు కొండకింద వీధిలో. ఎండాకాలం సాయంత్రాలు పగలంతా కాలిన బండలు వేడిని ఊరి మీదికి వదులుతుంటే, వీధిలో నీళ్ళు చల్లి నులకమంచాలు వేసుకునేవాళ్ళం. వెనక వీధిలో చెక్కగరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ ఇళ్ళు. గాలి అటునుంచి వీస్తే పచ్చికొయ్య పొట్టు వాసన, దాంతోపాటు ఆకురాయి చప్పుడు మా వంటింట్లోకి వచ్చేవి. వానలు పడ్డాక కొండమీది సీతాఫలాలు గంపల్లో దిగేవి, వాటిని వరిపొట్టులో మాగేసి రోజుకు నాలుగుసార్లు నొక్కి చూసేవాళ్ళం నేనూ మా తమ్ముడు చిన్నోడూ. క్రిస్మస్ ముందు పదిరోజులు అమ్మ మనుగుబూలని మేం పిలిచే జంతికలు, కజ్జికాయలు చేసి డబ్బాలకెత్తేది. పండగ నాడు గుడి ఆరాధన కాగానే ఆ డబ్బాలు పట్టుకుని ఆత్మకూరులో ఉన్న మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, ఇంటికి బస్సులో పోయేవాళ్ళం. కిటికీ పక్క సీటు కోసం చిన్నోడూ నేనూ కొట్టుకోవడం, చివరకు ఇద్దరికీ కాకుండా అమ్మ కూర్చోవడం ప్రతి ఏడాదీ జరిగేది.

ఆ బస్సు సుఖాన్ని చెడగొట్టింది కారు. ఆత్మకూరులో ఒక ముసలి డాక్టరుగారు చూపు తగ్గి నడపలేక అమ్మేస్తుంటే నాయన కొనుక్కొచ్చాడు. మీగడరంగుది, ముందుభాగం గుండ్రంగా ఉండేది. రెక్సిను సీట్లు ఎండకు కాలి తొడలకు అంటుకునేవి. మొదటిరోజు వీధంతా వచ్చి చూసింది. మొదటి ఆదివారమే దాని సంగతి బయటపడింది. ఆత్మకూరు దారిలో ఒక పొడవాటి మిట్ట ఉంది. సగం ఎక్కేసరికి కారు దగ్గి, వణికి, ఆగిపోయింది. నాయన వెనక్కి తిరిగి దిగమన్నాడు. అమ్మ, నేను, చిన్నోడు దిగి, ఆదివారం బట్టల్లో, ఎర్రదుమ్ములో, కారు వెనక మిట్టంతా నడిచి ఎక్కాం. పైన నాయన ఇంజను ఆపకుండా మాకోసం చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా అంతే. ఆ మిట్టకు చిన్నోడు దిగుడుమిట్ట అని పేరు పెట్టాడు. పక్కనుంచి బస్సు పోతూ ఉంటే కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి మమ్మల్ని చూసేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. బస్సులో అయితే మేమూ ఆ కిటికీ దగ్గర కూర్చుని పోయేవాళ్ళం కదా అని ఏడుపొచ్చేది.

నాయన మాత్రం సిగ్గుపడలేదు. ఆయనకది లెక్క. ఇంజను బలం పెంచడం మనవల్ల కాదు, మోసే బరువు తగ్గించడం మనవల్ల అవుతుంది అని క్లాసులో చెప్పినట్టే అన్నం దగ్గర చెప్పాడు. ఇక మొదలుపెట్టాడు. ముందు పైన సామాన్లు పెట్టుకునే ఇనుప చట్రం పోయింది. తర్వాత ముందూ వెనకా బంపర్లు. తర్వాత తలుపుల లోపలి అట్టలు. అవి పోయాక తలుపు వేసినప్పుడల్లా ఖాళీ డబ్బా మోగినట్టుండేది. తీసిన ప్రతి వస్తువునూ వేరుశనగకాయలు కొనే షావుకారు కొట్టుకు తీసుకుపోయి కాటా మీద పెట్టి, ఎన్ని కిలోలు తగ్గిందో ఇంటికొచ్చి పండగలా చెప్పేవాడు. ఒకరోజు నన్నూ చిన్నోడినీ కూడా కాటా ఎక్కించాడు. అమ్మను కూడా రమ్మంటే, నన్ను తూకం వేసే రోజు వస్తే నువ్వు కాదు, దేవుడు వేస్తాడని చెప్పి వంటింట్లోకి పోయింది.

వెనక సీటు ఇనుప స్ప్రింగులతో చాలా బరువని తేలింది. దాన్ని పీకేసి, వెనక వీధిలో గరిటెలు చేసే మస్తాన్ సాయిబుతో పల్చటి చెక్కసీటు చేయించాడు. సాయిబు దాన్ని అద్దంలా నున్నగా చేసి తెచ్చి, బిగించేటప్పుడు మెల్లగా ఒక మాట అన్నాడు.

"సారూ, గరిటె పల్చగా చేసేకొద్దీ చెయ్యికి సుఖం. సీటుకు అట్ట గాదు. పిల్లోళ్ళు కూర్చోవాల గదా."

నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నున్నటి చెక్క మీద ప్రతి మలుపులోనూ నేను జారి చిన్నోడి మీద, చిన్నోడు జారి తలుపు మీద పడేవాళ్ళం. ఇంత చేసినా దిగుడుమిట్ట ముక్కాలు భాగం దాకా ఎక్కి, కారు మళ్ళీ ఆగిపోయేది. మేం నడవాల్సిన దూరం తగ్గిందంతే. నాయన దాన్ని గెలుపనుకున్నాడు. నాకైతే ఏడాదిగా ఇంట్లో ఏ మాటెత్తినా అది కిలోల దగ్గరే తేలుతుందని విసుగు పుట్టింది.

అమ్మకు విసుగు పడే తీరిక కూడా లేదు. పెళ్ళయ్యాక, మేమిద్దరం పుట్టాక, పట్టుబట్టి చదివి తెలుగు పండిత ట్రైనింగు పూర్తి చేసింది. సంగటి కెలుకుతూ సంధులు, బట్టలు ఆరేస్తూ సమాసాలు వల్లెవేసేది. ప్రభుత్వ ఉద్యోగానికి వయసు దాటిపోవస్తుండగా, ఆత్మకూరులో ఒక ఎయిడెడ్ స్కూలులో తెలుగు టీచరు పోస్టు పడింది. ఒకటే పోస్టు. జూన్‌లో ఫలానా రోజు పొద్దున పది గంటలకు ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని అమ్మ బైబిలులో పెట్టుకుని రోజూ తీసి చదివేది. ఆరు గంటల బస్సుకు పోతానంది. నాయన ఒప్పుకోలేదు. సొంత కారు పెట్టుకుని నువ్వు బస్సులో నలిగిపోయి, చెదిరిన జుట్టుతో వాళ్ళముందు కూర్చోవడం ఏందని వాదించాడు. ఆయన ముఖంలో అంత ఆశ చూసి అమ్మ సరేనంది.

ఆ ముందురోజు సాయంత్రం నాయన కారు చుట్టూ తిరుగుతూ, ఇంకేం తీయొచ్చో చెప్పండని నన్నూ చిన్నోడినీ అడిగాడు. చిన్నోడు హారన్ అన్నాడు. రేపు కూడా, అమ్మ కొత్త చీర కట్టుకున్న రోజు కూడా, ఆ మిట్ట నడిచి ఎక్కాల్సి వస్తుందని నాకు లోపల ఉడికిపోతోంది.

"స్టెప్నీ తీసెయ్ నాయనా," అన్నాను. "మనకు ఎప్పుడన్నా పంక్చర్ అయిందా?"

నాయన నా తల నిమిరాడు. స్టెప్నీతో పాటు జాకీ కూడా దించాడు. రెండూ కలిపి కాటా మీద పెట్టే ఓపిక లేక చేతుల్లోనే ఎత్తి చూసి, బాగా తగ్గిందన్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినంత గర్వపడ్డాను.

మర్నాడు ఏడు గంటలకు బయల్దేరాం. అమ్మ సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. దిగుడుమిట్ట వచ్చింది. మేం అలవాటుగా దిగడానికి సిద్ధమై తలుపు పిడి పట్టుకున్నాం. కారు సగం దాటింది, ముక్కాలు దాటింది, మూలుగుతూనే, ఆగకుండా, పైకెక్కేసింది. చిన్నోడు చెక్కసీటు మీద దరువేశాడు. నాయన స్టీరింగును తట్టాడు. అమ్మ ఫైలు గుండెకు అదుముకుని చిన్నపిల్లలా గలగలా నవ్వింది. కారు కొన్నప్పటినుంచీ అందులో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మిట్ట దిగి రెండు మైళ్ళు పోయామో లేదో, వెనక చక్రం ఢామ్మని పేలింది.

నాయన దిగి చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. అమ్మ స్టెప్నీ వేయమంది. లేదని చెప్పాల్సి వచ్చింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. తీయమంది నేనని ఆయన అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతెప్పుడూ అనలేదు. గొర్రెలు తోలుకుపోతున్న ముగ్గురు మనుషులు వచ్చి, జాకీ లేదని తెలిసి, కారు వెనక భాగాన్ని చేతులతోనే ఎత్తి పట్టుకుంటే, నాయన చక్రం విప్పి కింద రాళ్ళు పేర్చాడు. ఇంత తేలిగ్గా ఉండాదేంది అని వాళ్ళలో ఒకాయన ఆశ్చర్యపోయాడు. అంత కష్టంలోనూ నాయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. అది అమ్మ చూసింది. నేనూ చూశాను.

ఎదురుగా వచ్చిన మోపెడు వెనక కూర్చుని, చక్రం ఒళ్ళో పెట్టుకుని, నాయన వెనక ఊళ్ళో పంక్చర్ షాపుకు పోయాడు. కాసేపటికి ఆత్మకూరు బస్సు వచ్చింది. లోపల ఊపిరాడనంత జనం, మెట్ల మీద కూడా వేలాడుతున్నారు. అమ్మ రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తింది. బస్సు పక్కకు తప్పుకుని పోయింది. దుమ్ము దిగాక చూస్తే అమ్మ కొత్త చీర ఎర్రబారి ఉంది. ఎండ ముదురుతోంది. ఇంకో బండి లేదు. అమ్మ చేతి గడియారం చూసుకుని, కొంగు తలమీద వేసుకుని, ఆత్మకూరు వైపు నడవడం మొదలుపెట్టింది. మేమిద్దరం వెనక పరుగెత్తాం.

ఎంత దూరం నడిచామో తెలియదు. నాయన చక్రం బిగించుకుని వచ్చేటప్పటికి చిన్నోడి కాళ్ళు బొబ్బలెక్కాయి. అమ్మ ఆగలేదు. నాయన ఆమె పక్కనే కారును నడకవేగంతో పోనిచ్చాడు.

"రూతూ, ఎక్కు," అన్నాడు. "ఇంకా టైం ఉండాది."

"నీ కారు నాకొద్దయా," అంది అమ్మ ముందుకే చూస్తూ.

ఇంకో పది అడుగులు వేసి, గడియారం చూసుకుని, ఎక్కింది. ఆత్మకూరు చేరేసరికి పన్నెండు కావస్తోంది. స్కూలు వరండాలో ఒక గుమాస్తా ఉన్నాడు. ఆమె పేరు రెండుసార్లు పిలిచారనీ, అరగంట చూశారనీ, ఇంకొకామెను తీసుకున్నారనీ, పెద్దలంతా వెళ్ళిపోయారనీ మర్యాదగానే చెప్పి, అమ్మ ముఖం చూసి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నాయన వాదించబోతే అమ్మ చెయ్యడ్డం పెట్టింది. నీళ్ళు తాగి, గ్లాసు కడిగి తిరిగి ఇచ్చి, బస్టాండు వైపు నడిచింది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు నాయన తీసినవన్నీ ఒక్కొక్కటిగా బిగించాడు. స్టెప్నీ, జాకీ, బంపర్లు, తలుపుల అట్టలు, స్ప్రింగుల సీటు, పైనుండే చట్రంతో సహా. అమ్మ మాత్రం మళ్ళీ ఆ కారు ఎక్కలేదు. పండగకు ఆత్మకూరు పోవాలన్నా డబ్బాలు పట్టుకుని బస్సెక్కేది. ఇక మేం ముగ్గురమే కారులో పోయేవాళ్ళం. అంత బరువూ తిరిగి చేరినా, అలా పోయిన మొదటిసారే దిగుడుమిట్ట దగ్గర కారు ఆగలేదు. తడబడుతూనే పైకెక్కింది. అందులో లేనిది అమ్మ ఒక్కతే. చిన్నోడు ఈసారి దరువెయ్యలేదు. నాయన స్టీరింగు మీద చేతులు బిగించి, రోడ్డునే చూస్తూ ఆత్మకూరు దాకా నడిపాడు. ఏడాది తిరక్కుండా కారు అమ్మేశాడు.

అమ్మకు మళ్ళీ పోస్టు పడలేదు, వయసు దాటిపోయింది. వీధి పిల్లలకు అరుగు మీద ఒత్తులూ గుణింతాలూ దిద్దించింది. కోపం వచ్చినప్పుడల్లా, ఉప్పు ఎక్కువైనా, వాన పడకపోయినా, చివరికి ఆ జూన్ పొద్దుటి దగ్గరికే వచ్చేది. నాయన ఎదురుచెప్పకుండా వినేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు అమ్మ నెల్లూరులో నా దగ్గరే ఉంటోంది. దిగుడుమిట్టను రోడ్డు వెడల్పు చేసినప్పుడు తవ్వి చదును చేశారు. పోయినేడు అటుగా పోతూ ఎక్కడ ఉండేదో వెతికి, పోల్చుకోలేక ఊరుకున్నాను.

షోరూము నుంచి వచ్చిన రోజు అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని, స్టెప్నీ తీసెయ్యమని ఆ రోజు నాయనకు చెప్పింది నేనేనని మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. తిడుతుందనుకున్నాను. నిజానికి తిడితే బాగుండుననుకున్నాను.

అమ్మ కాయలు తుంచడం ఆపలేదు.

"పదకొండేళ్ళ పిల్లవి, నీమీద యాడ కోపం పెట్టుకునేది?" అంది. "మీ నాయన ఉన్నన్నాళ్ళూ దానికొక మనిషి ఉండినాడు. ఇప్పుడు రోజూ పొద్దున లేస్తానే వస్తాది ఆ కోపం. ఎవురికి చెప్పుకునేది?"