వరి యూరియా తాగిన కొత్త వ్యాన్

కొత్త డీజిల్ వ్యాన్ వచ్చినప్పటి నుంచి నేను దాన్ని యాభై దాటనివ్వలేదు, నిండా లోడు ఎత్తనివ్వలేదు. పొగను శుభ్రం చేయడానికి అందులో యూరియా ద్రావణం పోసే చిన్న ట్యాంకు ఉంటుంది. అది అయిపోవచ్చిందని పొద్దున లైటు వెలిగింది. మా అన్న వరికి తెచ్చిన బస్తా విప్పి, ఆ యూరియాను కాలువ నీళ్లలో కలిపి, పంచె కొసతో వడగట్టి మరీ పోశాడు.

రూపనగుడి చేరకముందే బండి మొరాయించింది.

"యూరియా యూరియానే కదరా! వరికి పనికొచ్చేది బండికి పనికిరాదా?" అన్నాడు అన్న.

మెకానిక్ తేలిగ్గా తేల్చేశాడు. "ఆ పొగ సామానంతా పీకేస్తే సరిపోతాదప్పా. ఈడ ఎవురు చూస్తారు?"

నేను వద్దంటున్నా అన్న తలూపాడు. బండి ఆయన పేరు మీదే ఉంది మరి. కుడతిని రోడ్డు మీద లారీ పొగ కనబడితే చాలు, కూతురికి ఆయాసం వస్తుందని అద్దాలు ఎత్తించి, లారీవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టే మనిషి ఆయన.

సాయంత్రం బండి నల్లగా పొగ కక్కుతూ ఇంటికొచ్చింది. ముందు అరలో పాప ఇన్‌హేలర్ అలాగే ఉంది. తీసి అన్న చేతిలో పెట్టాను.

రేపటి నుంచి మా అన్న ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి.