శొంఠి బొబ్బట్లు

ఈ ఉగాదికి మా కోడలు బొబ్బట్లు బజారు నుంచి తెప్పించింది. అట్టపెట్టెలో, ఒకదానికొకటి అంటుకోకుండా మధ్య మధ్య కాగితాలు పెట్టి, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. మనవరాలు ఒకటి కొరికి, "నానమ్మా, ఇందులో శొంఠి లేదేంటి? ఇవేం బొబ్బట్లు!" అని మూతి ముడిచింది. బొబ్బట్లలో శొంఠి లోకంలో ఎవరూ వెయ్యరమ్మా, మనింట్లో తప్ప, అనబోయి నాలిక కరుచుకున్నాను. అంత చెబితే ఎందుకు వేస్తామో కూడా చెప్పాలి. ఇక ఆ పూటంతా నాకు కుదురు లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతూనే ఉన్నాను. "కాళ్ళు నొప్పులన్నారు కదత్తయ్యా, కాసేపు కూర్చోరాదూ" అంది కోడలు. కూర్చుంటే ఊరుకునే జ్ఞాపకం కాదది.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో మా ఆయన ప్రైమరీ స్కూలు మేస్టరు. వినుకొండలో ఉమ్మడి కుటుంబం వదిలి, ఆ ఊళ్ళో రెండు గదుల పెంకుటింట్లో వేరు కాపురం పెట్టి ఆరు నెలలైంది. వేరుపడటం మా అత్తగారికి సుతరామూ ఇష్టం లేదు. సామాను బండికెక్కిస్తుంటే గుమ్మంలో నిలబడి, "పండగ పూట అయినవాళ్ళకి ఆకేసి కడుపునిండా పెట్టగలిగితే అదీ కాపురం. ఉగాదికి అందరం వస్తాం, చూస్తాను. పెట్టలేకపోయారా, మళ్ళీ ఇదే బండి కట్టించుకుని వెనక్కి వచ్చెయ్యండి" అన్నారు. ఆవిడ మాటంటే మాటే. మా ఆయన తల్లి ఎదుట నోరెత్తే మనిషి కాదు. నాకేమో ఆ రెండు గదులంటే ప్రాణం. వినుకొండలో అంతమంది మధ్య చారులో ఉప్పయినా నా ఇష్టప్రకారం వేసి ఎరగను. ఇక్కడ ఆ ఉప్పు ఎక్కువైనా నాదే, తక్కువైనా నాదే. ఆ ఇల్లు పోతుందేమోనన్న భయంతో మాఘమాసం నుంచే నాకు నిద్ర సరిగా పట్టేది కాదు.

చూస్తుండగానే ఉగాది ముంచుకొచ్చింది. జీతం రెండు నెలలుగా రాలేదు. వేపపువ్వు దేవుడిచ్చాడు, మామిడికాయలు పక్కింటివాళ్ళిచ్చారు కనక ఒక్క బెల్లం తప్ప పచ్చడికి ఢోకా లేదు. బియ్యం, చింతపండు ఇంట్లో ఉన్నాయి కనక పులిహోరకీ లోటు లేదు. లేనివల్లా బెల్లం, శనగపప్పు, నెయ్యి. ఆ మూడూ లేనిదే బొబ్బట్టు లేదు, బొబ్బట్టు లేని ఉగాది మా అత్తగారి దృష్టిలో పండగే కాదు. ఊరి చుట్టూ ఎటు చూసినా మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. తొడిమలు తీసి, తాలు కాయలు ఏరడానికి మనుషులు కావాలని ప్రతి రైతూ కేకలేసేవాడు. సొంత కల్లంలో చేస్తే పని, పరాయి కల్లంలో చేస్తే కూలి. మేస్టరుగారి భార్య కూలికెళ్ళిందంటే ఊరికి వింత, ఆయనకు తలవంపు. అందుకని ఆయన మధ్యాహ్నం బడికి వెళ్ళగానే తలమీద కొంగు లాక్కుని, నన్నెవరూ ఎరగని పొరుగూరి కల్లానికి వెళ్ళేదాన్ని. సాయంత్రం గంట కొట్టేలోపు ఇల్లు చేరాలని గట్ల మీద ఒకటే పరుగు. అలా పన్నెండు రోజులు పరిగెత్తాను. బెల్లం ఎక్కడిదని మా ఆయన అడిగితే, పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులన్నాను. పాపం నమ్మారు.

పండగ ముందు రోజుకి వేళ్ళ చివర్లు ఎర్రగా ఉబ్బిపోయాయి. చింతపండుతో రుద్దాను, బూడిదతో తోమాను, మజ్జిగలో ముంచాను. వాసన చూసుకుంటే ఘాటు తెలియలేదు. పోయిందిలే అనుకున్నాను. మా పుట్టిల్లు చీరాల వైపు, మగ్గాల చప్పుడు తప్ప మిరప కల్లం తెలియని ఊరు. ఆ కారం నీళ్ళకి లొంగదనీ, నూనె తగిలితే మళ్ళీ లేచి కూర్చుంటుందనీ నాకెవరు చెప్పారు? తెల్లవారుజామున లేచి, ఆ చేతులతోనే పూర్ణం ముద్దలు చేసి, ఆ వేళ్ళతోనే నూనె అద్దుకుంటూ విస్తరాకు మీద బొబ్బట్లు తట్టాను.

మొదటి బస్సుకే దిగారు అందరూ. మా అత్తగారు, బావగారు, తోడికోడలు, వాళ్ళ ముగ్గురు పిల్లలు. మా ఆయనతో కలిపి ఏడు ఆకులు. పెద్ద గరిటెతో నెయ్యి వడ్డిస్తే మూడో ఆకు దగ్గరే గిన్నె ఖాళీ అవుతుందని, ఆ గరిటె బియ్యం డబ్బాలో దాచేసి చెంచా వేశాను. పచ్చడి బాగుందన్నారు. పులిహోర మారు అడిగారు. నా ప్రాణం కాస్త కుదుటపడి బొబ్బట్లు వడ్డించానో లేదో, చిన్నపిల్ల "అమ్మా, మంట!" అని కెవ్వుమంది. బావగారికి పొలమారింది. "ఏంటమ్మాయ్, బొబ్బట్టు కారంగా ఉంది? ఏం కలిపావు?" అన్నారు దగ్గుతూ. ఇక బండి కట్టించుకోవడమే తరువాయి అనుకున్నాను.

మా అత్తగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. మెల్లగా నమిలారు. తలెత్తి నా మొహం చూడలేదు, పళ్ళెం పట్టుకున్న నా వేళ్ళకేసి చూశారు.

"శొంఠి వేసింది లేరా. నేనే వెయ్యమని కబురు చేశాను. ఎండలు ముదురుతున్నాయి, పూర్ణం అరగొద్దూ? మాట్లాడకుండా తినండి" అని, "అమ్మాయ్, నాకింకోటి వెయ్యి. నెయ్యి ఆ చెంచాతోనే చాల్లే" అన్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ మూడు తిన్నారు ఆవిడ.

భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. నా చేతులు లాక్కుని నువ్వులనూనె పట్టించి, శనగపిండి చల్లి ఒక్కో వేలూ రుద్దారు.

"ముందు నూనె రాయాలే పిచ్చిదానా. ఒట్టి నీళ్ళతో పోదిది" అన్నారు.

"మీకెలా తెలుసత్తయ్యా?"

"నీ మొగుడి మేస్టరు ట్రైనింగు ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నావు? మీ మామగారు పోయాక మూడు ఎండాకాలాలు పొరుగూరి కల్లంలోనే కూర్చున్నాను. ఆ అన్నదమ్ములకి తెలీదు. తెలియక్కర్లేదు."

నాకు ఏడుపాగలేదు. రెండేళ్ళుగా ఆవిడ పేరు చెబితే హడలిపోయిన నాకు, ఆ క్షణంలో మా అమ్మకంటే దగ్గరగా అనిపించారు. సాయంత్రం బస్సెక్కుతూ, "దసరాకి మీరిద్దరూ అక్కడికి రండి. భయపడకు, వెనక్కి పంపించేస్తాలే" అన్నారు.

ఆ మరుసటి ఉగాదికి మా ఆయన శొంఠి వెయ్యలేదేమని అడిగారు. అమ్మ చెప్పిన పద్ధతి మానకూడదట! ఆ ఏడు నుంచీ నిజంగానే వేస్తున్నాను. మా అత్తగారు పోయారు, ఆయనా పోయారు. అత్తాకోడళ్ళం కలిసి దాచిన మాట ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉంది.

మనవరాలు వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంది. "అసలు శొంఠి ఎందుకు నానమ్మా?" నోటిదాకా వచ్చింది. "అరుగుదలకి తల్లీ" అన్నాను. చేతుల మంట మూడు రోజులకే చల్లారింది. అత్తగారు నా కోసం ఆడిన ఆ ఒక్క అబద్ధం మాత్రం, అరవై ఏళ్ళు దాటినా, ప్రతి ఉగాదికీ మా ఇంటి ఆచారమై వచ్చి ఆకులో కూర్చుంటోంది.