తలకిందులైన సున్నపురాయి

ఆ రోజుల్లో, అంటే భూగర్భశాస్త్రవేత్తగా ఉద్యోగంలో చేరిన ఆర్నెల్లకే, భూమి పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు తెలుసన్న నమ్మకం ఉండేది. ఆఫీసు ఉప్పల్లో, గది నాచారంలో. చుట్టూ ఎటు చూసినా గ్రానైటే, మనసు మాత్రం ఏనాడో సముద్రం ఇంకిపోయిన తాండూరు వైపు సున్నపురాళ్ల మీద. అక్కడ ఇంకా పేరు పెట్టని రాతిపొరలు కొన్ని ఉన్నాయని, వాటి వివరం రాసి పేరు పెట్టే పని మా పెద్దసారు నాకప్పగించారు. (రాతికి మనుషుల పేర్లు పెట్టకూడదు, దగ్గరున్న ఊరి పేరే పెట్టాలి. లేకపోతే నా పేరే పెట్టుకునేవాణ్నేమో.)

మూతపడ్డ క్వారీలోకి గట్టు మీంచి దిగుతూ, పొరపొరకూ ఒక ముక్క కొట్టి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసి తెచ్చాను. వ్యాసం మాత్రం మా పద్ధతి ప్రకారం అడుగు పొర నుంచి మొదలుపెట్టాను. ఒకటో అంకె అంటే అడుగే కదా అనుకున్నాను. సోమవారం దాన్ని పెద్దసారుకివ్వాలి. ఆదివారం పొద్దున ముక్కల్ని వరండాలో పేర్చి ఫొటో తీస్తుంటే, ఇంటి ఓనరు పెద్దమ్మ బియ్యం చాటతో వచ్చి నిలబడింది.

"గిదేంది బిడ్డా?"

"భూమిలో ఎట్లా ఉన్నాయో అట్లా పేర్చాను పెద్దమ్మా. అడుగున పెళుసురాయి, పైన మంచి బండ."

"మంచి బండ పైన్నే ఉంటే మేం గన్నేండ్లు ఎందుకు తవ్వినట్టు? పెళుసురాయి ఎత్తిపోసి ఎత్తిపోసి నా నడుం పోయింది. గప్పుడుగద కింద బండ కనవడేది."

ఆవిడ ఆ వైపు క్వారీల్లో పని చేసిందని నాకప్పుడే తెలిసింది. గబగబా నోట్‌బుక్కు తీసి చూశాను. అందులో ఒకటో అంకె ఎదురుగా 'గట్టు మీద, గడ్డి మొదట్లో' అని నా చేతిరాతే ఉంది. పాపం ఆ సముద్రం, పొరల వరస తిరగబడేసరికి, ఇంకిపోయిన చోట లోతెక్కిందనీ లోతెక్కిన చోట ఇంకిపోయిందనీ రాసేశాను.

ఆ పూటంతా తిరగరాశాను. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఒక్కో ముక్కా అందించింది. "ఏం పేరు వెడ్తవ్ దీనికి?" అంది. క్వారీ పక్క పల్లె పేరు చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అది మా తల్లిగారూరు. గాడ ఇప్పుడెవ్వలు లేరు, క్వారీ మూతవడ్డంక అందరం పట్నమొచ్చినం. జర మంచిగ రాయి బిడ్డా."

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు రాళ్లు తెస్తే, ముందు పేర్చి చూపించమంటాను. "రాసుకున్నాం కద సార్" అంటారు, అన్నీ తెలిసిన మొహాలతో. ఆ మొహం నాకు బాగా తెలుసు కనుక నవ్వొస్తుంది. ఆ వ్యాసం చివర పెద్దసారుకూ, నన్ను క్వారీకి తీసుకెళ్లిన జీపు డ్రైవరుకూ కృతజ్ఞతలు చెప్పాను. పెద్దమ్మ పేరు రాయడానికి మాత్రం నామోషీ పడ్డాను. ఆ నామోషీ తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తోంది.