పడమటి గోడ మీది పచ్చతీగ

మా మేట్రనమ్మగారు పోయారు. మంగళవారం పొద్దున బాపట్ల నుంచి మా ఎదురింటివాళ్ళకి ఫోన్ వచ్చింది. నేను తెనాలిలో బడికి బయల్దేరుతూ క్యారేజీ సర్దుకుంటున్నాను. "మీ రేపల్లె బోర్డింగ్ అమ్మగారంట, నిద్రలోనే పోయారంట" అని ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోంచే చెప్పారు. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ బతికుండగా నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా ఇన్నేళ్ళూ దాటేశాను. ఇది చదివేవాళ్ళలో ఆ బోర్డింగ్ పిల్లలు ఎవరైనా ఉంటే, ముందు వాళ్ళు వినాలి.

ఎనభైల్లో నేను రేపల్లెలో చర్చివాళ్ళ ఆడపిల్లల బోర్డింగ్‌లో ఉండి చదువుకున్నాను. మాది వేమూరు దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగేది. బోర్డింగ్‌లో చోటు పోయిందంటే మర్నాటి నుంచి నేనూ నాట్లలో వంగాల్సిందే. ఈ సంగతి మేట్రనమ్మగారికి తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

మేం పడుకునే పెద్ద గదికి పడమటి వైపు పాత సున్నం గోడ ఉండేది. తీగ రాకముందు ఎండాకాలం సాయంత్రాలు దానికి వీపు ఆనిస్తే చుర్రుమనేదట. ఆవిడ పనిలో చేరిన ఏడాదే బాపట్లలో తెలిసినవాళ్ళ బంగళా గోడ మీది తీగ ముక్కలు నాలుగు తడిగుడ్డలో చుట్టి, తెనాలిలో రైలు మారి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. అందరం దాన్ని ఐవీ అనేవాళ్ళం. అసలైన ఐవీ మన ఎండలకి బతకదని, ఇది మర్రి జాతిదని తరవాతెప్పుడో తెలిసింది. పేరుదేముంది! ఏడాది పొడుగునా పచ్చగా గోడంతా కప్పి మా గదిని చల్లగా ఉంచింది.

మొదట్లో తీగ గోడని పట్టుకోదు. కొసల్ని తడిమట్టి ముద్దలతో అంటించి, గోడ మీద రోజూ నీళ్ళు చిలకరించేవారు. మొదలుకి బియ్యం కడిగిన నీళ్ళు పోయించేవారు. వేళ్ళు పట్టుకున్నాక దానంతటదే ఎక్కిపోయింది. ఎక్కాకే అసలు పని. చిన్నాకులతో గోడకి అంటుకుని పాకినంత కాలం బుద్ధిగానే ఉంటుంది. పైకి చేరాక కర్రలా ముదిరి, పెద్దాకులేసి, బయటికి పొడుచుకొస్తుంది. "అట్టాంటి కొమ్మ కనపడితే మొహమాటపడకుండా కోసెయ్యి. గాలికి ఊగిందంటే గోడని లాగేసుద్ది" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "పచ్చగా ఉందని మురిసిపోమాకే, ఆకెత్తి చూడు." మా విషయంలోనూ అంతే. "బాగున్నానండి" అంటే వదిలేవారు కాదు, దువ్వెన పట్టుకుని తలలో పేలు చూసేవారు.

తొమ్మిదో తరగతిలో తీగ కోసే పని నాకు అప్పగించారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేరు. ప్రతి శనివారం నేను పైదాకా ఎక్కి, ముదురు కొమ్మలు కోసి, గోడ ఎలా ఉందో వచ్చి చెప్పాలి. ఒకసారి పై ఆకుల్లోంచి పసిరిక పాము తల బయటపెట్టింది. అంతే, ఆ తరవాత నాలుగు మెట్లు దాటి ఎక్కితే ఒట్టు. కింద అందినవేవో కోసి "అయిపోయిందండీ" అనేదాన్ని.

"పైనంతా చూశావా?"

"చూశానండి."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆకెత్తి చూడమనే మనిషి నా మాట మాత్రం నమ్మేశారు.

పదో తరగతిలో, ఇంకా వానలు మొదలవకముందు, నాకు అందే ఎత్తులోనే ఒకచోట ఆకులు ఉబ్బెత్తుగా కనిపిస్తే పైకెత్తాను. గోడ నిలువునా విచ్చి ఉంది. చెయ్యి నిలువుగా పెడితే దూరింది. పైనుంచి వేలంత లావు వేరు అందులోకి దిగింది. చెబితే ఇన్నాళ్ళూ పైకెక్కలేదని తేలిపోతుంది. తేలితే ఇంటికి పంపేస్తారు. ఏం చేశానో తెలుసా? పక్క తీగల్ని దాని మీదికి లాగి, పురికొసతో కట్టి, ఆవిడ నేర్పినట్టే మట్టిముద్దలతో అంటించాను. నెల తిరక్కుండా ఆకు కప్పేసింది. ఆ గోడకి అవతలివైపు, గోడవారగా పన్నెండుమంది పిల్లలు పడుకునేవాళ్ళు.

నవంబరులో ముసురు పట్టింది. బడికి సెలవిచ్చారు, పిల్లలంతా గదిలోనే. నేను గోడకేసి చూడలేను, చూడకుండా ఉండలేను. మూడో రోజు పొద్దున ఒక ట్రంకు పెట్టె మీద సున్నం రాలింది. ఐదో తరగతి పిల్ల ఒకతి దాన్ని అరచేత్తో తుడిచేసి మళ్ళీ లెక్కలు చేసుకుంటోంది. కాసేపటికి మళ్ళీ రాలింది. ఈసారి ఇటుక పెళ్ళ. వంటగదికి పరిగెత్తాను. ఆవిడ తడిసిన కట్టెల్ని ఊదుతున్నారు.

"అమ్మగారండీ, గోడ పగిలిందండి."

"ఏ గోడే?"

"పడమటిదండి. తీగ కింద."

"ఎప్పుడు చూశావు?"

"వానలకి ముందండి. నేనే కప్పేశానండి."

లేచి చెంప మీద ఒక్కటిచ్చారు. కళ్ళు బైర్లు కమ్మాయి. గదిలోకి వెళ్ళి "పుస్తకాలొద్దు, పెట్టెలొద్దు, మనుషులు రండే!" అని కేకేశారు. వానలోనే అందర్నీ చర్చి వరండాలోకి తోలి లెక్కపెట్టారు. ఒకళ్ళు తగ్గారు. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ ఒకళ్ళు తగ్గారు. జ్వరంతో ముసుగుతన్ని గోడవారన పడుకున్న మూడో తరగతి పిల్ల! నేను కదిలేలోపే ఆవిడ ఆ మోకాళ్ళతోనే పరుగెత్తారు. ఆ గుమ్మంకేసి చూస్తూ నేను చేసినంత ప్రార్థన మళ్ళీ ఎన్నడూ చేయలేదు. పిల్లని దుప్పటితో సహా భుజాన వేసుకుని వచ్చారు.

మధ్యాహ్నం అన్నాల వేళకి గోడ పడింది. పెద్ద చప్పుడేం లేదు, నానిపోయి ఉన్నచోటే కూలబడింది. పిల్లలు పడుకునే చోట మోకాలెత్తు ఇటుకలు. వాటి మీద ఆ తీగ నాలుగు రోజులదాకా పచ్చగానే ఉంది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ వారమే చర్చి పెద్దలు వచ్చి వరండాలో కుర్చీలు వేసుకున్నారు. "ఆ తీగ సంగతి ఎవరు చూసేది?" అని అడిగారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. తల దించుకున్నాను. మేట్రనమ్మగారు నావైపు చూడనైనా చూడలేదు.

"నేనేనండి" అన్నారు.

క్రిస్మస్ దాకా కూడా ఆవిడని ఉంచలేదు. బాపట్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. నేను పది పాసయ్యాను, ట్రైనింగ్ అయ్యాను, టీచర్నయ్యాను. ఇవాళ పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆ ఒక్క "నేనేనండి" వల్లే. ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. గోడ మాట ఎత్తబోతే "కాఫీ చల్లారిపోద్ది, తాగు" అనేవారు. నేనూ అదే సందని తాగేసేదాన్ని. సిగ్గులేని మనిషిని.

ఆదివారం బాపట్లలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఒక పెద్దాయన ఆవిడ గురించి చాలా మంచిగా మాట్లాడి, చివర్లో "ఆ గోడ విషయంలో అజాగ్రత్త ఒక్కటి తప్ప ఆమెని వేలెత్తి చూపడానికి లేదు" అన్నారు. నేను లేచాను.

"అది ఆవిడ అజాగ్రత్త కాదండి. నాదండి."

పాము దగ్గర్నుంచి మట్టిముద్దల దాకా అంతా చెప్పాను. ఆనాడు జ్వరంతో పడుకున్న పిల్ల నా ముందే చాప మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ. నావంక ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది.

ముందు వరసలోంచి మేట్రనమ్మగారి చెల్లెలు వెనక్కి తిరిగారు. "మా ఇంట్లో తెలుసమ్మా. అక్క ఎప్పుడో చెప్పింది. నువ్వు చెప్పిన రోజున నిన్నెవరూ ఒక్క మాట అనకూడదని మా చేత మాట తీసుకుంది" అన్నారు. అని, చాప మీద కాస్త పక్కకి జరిగి తన పక్కన చోటు చేశారు.

అక్కడికి వెళ్ళాలంటే ఆ పిల్లని దాటుకునే వెళ్ళాలి. నేను నిలబడే ఉన్నాను. ఆ పిల్ల నావైపు చూడలేదు. బిడ్డని గుండెకి హత్తుకుని, కాళ్ళు మాత్రం దగ్గరికి లాక్కుని దారిచ్చింది.